అరువు నడక

అట్టపెట్టెల ఫ్యాక్టరీలో అతన్ని అందరూ జెట్టి అనేవారు. అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ పట్టేది కాదు. లారీలోంచి కాగితం చుట్టల్ని దింపి మిషన్ల దాకా దొర్లించుకు వెళ్ళడం అతని పని. ఒక్కో చుట్ట మనిషి నడుమెత్తు ఉంటుంది. ఇద్దరు నెట్టాల్సిన దాన్ని అతనొక్కడే భుజం ఆనించి నెట్టేవాడు, నెడుతూనే పక్కవాళ్ళతో పరాచికాలాడేవాడు. చిన్నప్పుడు తండ్రి వెంట బొగ్గు డిపోలో తట్టలు మోసిన ఒళ్ళది. బడి మానేశాక సున్నం బట్టీ, తర్వాత కూరగాయల మార్కెట్టు, ఆ తర్వాత ఈ ఫ్యాక్టరీ. ఎక్కడికి వెళ్ళినా అతనికున్న ఆస్తి ఆ ఒళ్ళొక్కటే. దాన్ని నమ్ముకునే పెళ్ళి చేసుకున్నాడు, అత్తమామలు పోయాక భార్య చెల్లెల్ని కూడా తన ఇంటికే తెచ్చుకున్నాడు.

అలాంటి మనిషి చేత కుంటించారు. అదీ సమానత్వం పేరు చెప్పి. ఈ కథ చెబుతుంటేనే నోరు కడుక్కోవాలనిపిస్తుంది. అయినా చెప్పకుండా ఊరుకుంటే ఇంకా రోత.

ఒకరోజు లారీ మీంచి దిగుతున్న చుట్ట పట్టు తప్పి దొర్లుకుంటూ వచ్చి అతని కుడి చీలమండ మీద పడింది. ఎముక విరిగింది. కట్టు కట్టించుకుని ఇంట్లో పడి ఉన్నంతకాలం అతనికి ఒకటే బెంగ. కాంట్రాక్టు కూలీవాడు పనికి రాకపోతే వాడి మొహం ఎవరికి గుర్తుంటుంది? మరదలు మంచం పక్కన చేరి, "నేను ఈ కాలిని చిన్నప్పట్నుంచీ ఈడ్చుకొస్తున్నా. నువ్వు ఇంతలోనే డీలా పడిపోతే ఎలా బావా?" అని నవ్వించేది. చిన్నప్పుడు వచ్చిన జ్వరానికి ఆమె ఎడమకాలు సన్నబడిపోయింది. ఆ సంగతి మీద ఎవరైనా జాలి పడితే ఆమెకి ఒళ్ళు మంట. తన మీద తను వేసుకునే జోకులకి మాత్రం లెక్క లేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ప్రభుత్వం కొత్త నిబంధనలు తెచ్చింది. ఉద్యోగాలిచ్చేవాళ్ళు మనిషికీ మనిషికీ తేడా చూపకూడదు. ఆడవాళ్ళకీ, వికలాంగులకీ, ఇన్నాళ్ళూ గేటు బయటే నిలబెట్టిన వాళ్ళందరికీ లోపల చోటివ్వాలి. ఇచ్చామని చూపించాలి. ఇందులో వేలెత్తి చూపడానికేం లేదు, రాసినవాళ్ళు మంచి మనసుతోనే రాసి ఉంటారు. ఫ్యాక్టరీవాళ్ళకి మాత్రం ఇవ్వాలన్న మాట కంటికి ఆనలేదు. చూపించాలన్న మాట దగ్గర కళ్ళు టక్కున ఆగాయి.

సిబ్బంది వ్యవహారాలు చూసే హెచ్.ఆర్. మేడమ్ జెట్టికి కబురు పెట్టింది. అప్పటికి కట్టు విప్పేశారు. డాక్టరు కాలు అటూ ఇటూ తిప్పి చూసి, పరుగెత్తమన్నా పరుగెత్తవచ్చని చెప్పాడు. ఆ ఆనందంలో జెట్టి ఆఫీసు మెట్లు రెండేసి చొప్పున ఎక్కి వెళ్ళాడు.

"అయ్యో, మెల్లగా బాబూ! కాలెలా ఉంది?" అంది మేడమ్.

"పూర్తిగా బాగైపోయిందండి. రేపే లోడింగులోకి వచ్చేస్తాను."

ఆవిడ మొహం చిన్నబోయింది. సాటి మనిషి కాలు బాగైందని మొహం చిన్నబుచ్చుకునేవాళ్ళని అతను అప్పుడే మొదటిసారి చూడటం.

"లోడింగులో వేరేవాళ్ళని పెట్టేశాం. నీకు ముందు హాల్లో కుర్చీ వేయిస్తాను. వచ్చినవాళ్ళకి బ్యాడ్జీలివ్వడం, లోపలికి ఫోన్ చేయడం, అంతే పని. పర్మనెంటు కూడా చేయిస్తా."

పర్మనెంటు! ఆ మాట కోసం అతను ఎన్ని చుట్టలు దొర్లించాడో ఆ భుజానికి తెలుసు.

"ప్రభుత్వం వాళ్ళు వచ్చినప్పుడు మాత్రం కాలు కాస్త ఈడుస్తూ నడిస్తే చాలు. ప్రత్యేక సామర్థ్యం ఉన్నవాళ్ళు మన దగ్గర కూడా ఒకరు ఉండాలి కదా" అంది ఆవిడ, టీలో చక్కెర ఎక్కువైందన్నంత మామూలుగా.

"అలాంటివాళ్ళనే తీసుకోవచ్చు కదండీ?"

"నిజంగా అలాంటివాళ్ళొస్తే వాళ్ళకి అన్నీ కావాలి బాబూ. మెట్ల పక్కన ఏటవాలు దారి కట్టాలి. బాత్రూం మార్చాలి. మిషన్ల ఎత్తు సరిచేయాలి. నువ్వనుకో, నీకు ఇవేవీ అక్కర్లేదు." ఆవిడ అతన్ని మెచ్చుకోలుగా చూసింది. "నీలాంటివాడు దొరకడం మా అదృష్టం."

అంటే ఆ ఫ్యాక్టరీకి కావలసిన వికలాంగుడు ఏ వైకల్యమూ లేనివాడు. ఇంత తెలివి ఎక్కడ నేర్పుతారో, ఏ చదువులో చెబుతారో! జెట్టికి అప్పుడు ఇదంతా తట్టలేదు. తట్టినా నోరు పెగిలేది కాదు. ఇంటికి వెళ్ళి, కూర్చుని చేసే పని దొరికిందనీ, పర్మనెంటు అయ్యాడనీ భార్యకి చెప్పాడు. కుంటే సంగతి చెప్పలేదు.

మొదటిసారి తనిఖీకి వచ్చినవాళ్ళ ముందు అతను ఎంత కంగారుపడ్డాడంటే, ఏ కాలు విరిగిందో మరిచిపోయి ఎడమకాలు ఈడ్చాడు. పక్కనున్న సూపర్‌వైజరుకి ముచ్చెమటలు పోశాయి. వచ్చినవాళ్ళకేం పట్టలేదు. భుజం మీద చెయ్యి వేసి ఫోటో తీయించుకుని, బిస్కెట్లు తిని వెళ్ళిపోయారు. ఆ ఫోటోని పెద్దదిగా చేయించి, కింద 'అందరికీ చోటు' అని రాయించి హాల్లో గోడకి తగిలించారు. ఇక ఫోటోలో ఎడమకాలు పడింది కాబట్టి ఎడమకాలే ఖాయం చేశారు. విరిగింది కుడి, కుంటేది ఎడమ. పాత లోడింగువాళ్ళు హాలు మీదుగా వెళ్తూ, "జెట్టీ, ఇవాళ ఏ కాలు?" అని అడిగేవాళ్ళు. మొదట్లో అతనూ నవ్వేవాడు.

సూపర్‌వైజరు మాత్రం నవ్వలేదు. "నీ కుంటు చూస్తే తాగి వచ్చినట్టుంది. ఈసారి పెద్ద ఆఫీసర్లొస్తారు. సరిగ్గా నేర్చుకో" అన్నాడు.

నేర్చుకోవడానికి ఎవరున్నారు? ఇంట్లోనే ఉంది. ఇక్కడి నుంచీ చెప్పడానికి నోరు రావడం లేదు.

మరదలు పనిచేసిన సెల్‌ఫోన్ల దుకాణం అంతకుముందే మూతపడింది. రోజూ పొద్దున్నే తయారై ఎక్కడెక్కడో పని అడిగి వచ్చేది. నిలబడి చేసే పని ఆమె వల్ల కాదు, కూర్చునే పని ఇచ్చేవాళ్ళు ఆమె కాలు చూసి మొహం తిప్పుకునేవాళ్ళు. సాయంత్రం ఇంటికి చేరి గోడకి జారగిలపడేది. అప్పుడు జెట్టి, "అమ్మాయ్, కాసిని మంచినీళ్ళు తెచ్చిపెట్టు" అనేవాడు.

అతనికి దాహం వేసి కాదు. ఆమె లేచి వంటింటిదాకా వెళ్ళి వస్తుంటే చూడటానికి.

బాగా చూశాడు. ఎడమచెయ్యి మోకాలి పైన తొడ మీద వేసి కాలిని ముందుకి నొక్కుతుంది. అప్పుడు ఎడమ భుజం కిందికి వాలుతుంది. పాదం కాస్త బయటికి తిరిగి నేల మీద ఆనుతుంది. గడప దగ్గర ఊపిరి బిగబట్టి ఒక్క క్షణం ఆగుతుంది, తర్వాత దాటుతుంది. ఎన్నో ఏళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటూ అతను వీటిలో ఒక్కటీ గమనించలేదు. ఇప్పుడు గ్లాసు అందుకుంటూ, తాగినట్టు నటిస్తూ, ఒక్కొక్కటీ మనసులో వేసుకున్నాడు. మళ్ళీ ఇంకేదో తెమ్మనేవాడు. విసనకర్ర అనేవాడు, అగ్గిపెట్టె అనేవాడు.

"దాన్నెందుకయ్యా ఊరికే తిప్పుతావు? నీకు కాళ్ళు లేవా?" అని భార్య కసిరేది.

"పోనీలే అక్కా. బావ ఇన్నాళ్ళకి నాకేదో పని చెబుతున్నాడు, చేయనీ" అని మరదలు నవ్వేది.

భోజనాలయ్యాక అతను డాబా మీదికి వెళ్ళి నీళ్ళ ట్యాంకు వెనక అభ్యాసం చేసేవాడు. తొడ మీద చెయ్యి, వాలిన భుజం, తిరిగిన పాదం. మొదట రాలేదు. తర్వాత వచ్చింది. వచ్చిన రోజున, ఛీ, అతనికి సంతోషం వేసింది. పని నేర్చుకున్నవాడికి వేసే సంతోషమే అది. మరునాడు సూపర్‌వైజరు చూసి, "ఇదీ నడకంటే!" అని వీపు తట్టాడు.

కొన్నాళ్ళకి మరదలు ఆ ఫ్యాక్టరీకే వెళ్ళింది. పెట్టెల మీద అంటించే లేబుళ్ళు సరిచూసే పని ఉందని ఎవరో చెప్పారట. బావకి చెబితే సిఫారసు అడిగినట్టుంటుందని చెప్పకుండా వెళ్ళింది. ఆ సమయానికి జెట్టి టీ తాగడానికి వెనక్కి వెళ్ళాడు. గేటు దగ్గరే మాట్లాడి పంపేశారు.

ఇంటికొచ్చి ఆమే చెప్పింది. "మీ దగ్గర నాలాంటివాళ్ళకి ఒక్కటే చోటట బావా. అది నిండిపోయిందన్నారు. ఎవరో నీకు తెలుసా?"

జెట్టి అన్నం కలుపుతూ తలెత్తలేదు. "పెద్ద ఫ్యాక్టరీ కదా. ఎవరో ఏమో" అని నీళ్ళు నమిలాడు.

"పోన్లే. ఎవరో పాపం, నాకంటే ముందు నుంచీ తిరుగుతున్నారేమో. వాళ్ళకైనా దొరికింది." ఆమె నిజంగానే అంది. అందులో ఎత్తిపొడుపేం లేదు.

ఆమె ఎత్తిపొడిచినా బాగుండేదనిపించింది అతనికి. పళ్ళెం తోసేసి లేచాడు. మరునాడు మేడమ్ గదికి వెళ్ళి నిలబడ్డాడు.

"నన్ను లోడింగులోకే పంపేయండి మేడమ్. నా చోట్లో మా మరదల్ని తీసుకోండి. నిన్న వచ్చింది చూడండి, ఆ అమ్మాయే. దానికి నిజంగానే..."

"ఆ అమ్మాయా?" మేడమ్ నొసలు ముడిచింది. "మెట్లు ఎక్కలేక గేటు దగ్గరే ఎంతసేపు నిలబడిందో నువ్వు చూడలేదు. పాపం, నాకే బాధేసింది. అందుకే వద్దన్నాను. లోడింగులో ఖాళీ లేదు బాబూ. ఈ కుర్చీ వదిలితే నువ్వు గేటు బయటికే. తర్వాత ఆ అమ్మాయిని తీసుకుంటామని నేను మాటివ్వలేను. ఇద్దరూ ఇంట్లో కూర్చుంటారా?"

జెట్టి తిరిగి వచ్చాడు. వచ్చేటప్పుడు ఎవరూ చూడకపోయినా కుంటుతూనే వచ్చాడు. అప్పటికి అది అలవాటైపోయింది. ఆ రోజు నుంచి ఇంట్లో మంచినీళ్ళు తనే ముంచుకుని తాగేవాడు. అదేదో పెద్ద ప్రాయశ్చిత్తమైనట్టు!

ఇక మిగిలింది ఆ సభ. ప్రభుత్వం తరఫున పెద్ద ఆఫీసరు వచ్చి, అందరికీ చోటిచ్చిన సంస్థగా ఫ్యాక్టరీని మెచ్చుకుని వెళ్ళే రోజది. ఉద్యోగుల ఇళ్ళవాళ్ళందరినీ పిలిచారు. జెట్టి ఇంట్లో మాత్రం, "ఆఫీసువాళ్ళ మీటింగు, మనకి సంబంధం లేదు" అని చెప్పి బయల్దేరాడు. అతను వెళ్ళిన కాసేపటికే మేడమ్ అతని భార్యకి ఫోన్ చేసింది. మీ ఆయనకి సన్మానం, చెప్పకుండా వచ్చి ఆశ్చర్యపరచండి అని వ్యాను పంపింది. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఉన్న వాటిలో మంచి చీరలు కట్టుకుని వచ్చారు. క్యాంటీన్ హాల్లో ఆడవాళ్ళ వరసలో చివర కూర్చున్నారు.

మైకులో మేడమ్ గొంతు తేనెలో ముంచి తీసినట్టుంది. "ప్రమాదంలో కాలు పోగొట్టుకున్నంత పనైనా, మనోధైర్యం పోగొట్టుకోని మా సోదరుడు..." అంటూ జెట్టిని పిలిచింది. కాలు పోగొట్టుకున్నంత పని! ఎంత జాగ్రత్త! అబద్ధానికి కూడా ఇస్త్రీ చేసి తెచ్చింది.

జెట్టి మెట్లెక్కాడు. తొడ మీద చెయ్యి వేశాడు. భుజం వాల్చాడు. పాదం బయటికి తిప్పి ఆనించాడు. పై మెట్టు దగ్గర ఊపిరి బిగబట్టి ఒక్క క్షణం ఆగాడు. హాలంతా చప్పట్లు మోగాయి. ఆఫీసరు లేచి ఎదురొచ్చి చెయ్యందించాడు. కొందరు ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. అప్పుడు అతను తలెత్తి ఎదురుగా చూశాడు.

భార్య నోరు తెరుచుకుని చూస్తోంది. ఆ తర్వాత నవ్వబోయింది, ఏదో వేషం అనుకున్నట్టుంది. మరదలు నవ్వలేదు. చప్పట్లు కొట్టడానికి ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉన్నాయి. ఆమె అతని మొహం చూడటం లేదు. కాలు చూస్తోంది. ఆ కాలిని గుర్తుపట్టగలిగినవాళ్ళు ఆ హాల్లో ఆమె ఒక్కతే.

ఆమె లేచింది. రెండు వరసల మధ్య నుంచి తలుపువైపు నడిచింది. ఎడమచెయ్యి తొడ మీద, ఎడమ భుజం వాలుతూ, పాదం బయటికి తిరుగుతూ. వరసల్లోవాళ్ళు ఆమెనీ స్టేజీ మీదున్న అతన్నీ మార్చి మార్చి చూశారు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఎవరో, "అయ్యయ్యో, ఆయన్ని వెక్కిరిస్తోంది చూడు!" అన్నారు. సూపర్‌వైజరు గబగబా వెళ్ళి ఆమెకి అడ్డం నిలబడ్డాడు.

"ఏమ్మా, సిగ్గు లేదూ? కాలు లేనివాడిని చూసి అలా నడుస్తావా?"

"నేను వెళ్తున్నానండీ. జరగండి."

"ముందు ఆ వేషాలాపి సరిగ్గా నడు!"

ఆఫీసరు కోపంగా మైకు దగ్గరికి వచ్చాడు. "వికలాంగుల్ని ఎగతాళి చేయడం కొత్త నిబంధనల ప్రకారం నేరం. ఎవరామె? దయచేసి ఆమెని బయటికి పంపించండి." ఆయన నిజంగానే బాధపడ్డాడు పాపం. జనం మళ్ళీ చప్పట్లు కొట్టారు. సూపర్‌వైజరు ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు.

జెట్టి స్టేజీ మీంచి దూకాడు. రెండు కాళ్ళ మీదా దూకాడు. "చెయ్యి తియ్యరా!" అన్న అరుపుకి సూపర్‌వైజరు చెయ్యి దానంతటదే ఊడింది. "అది ఆమె నడక! వెక్కిరిస్తున్నది నేను! నా కాలు బాగానే ఉంది, చూడండి, ఇదిగో!" అని నేల మీద రెండు కాళ్ళతోనూ దబదబా తన్నాడు. "నాకు కుంటు లేదు. ఇంట్లో దీన్ని చూసి నేర్చుకున్నాను. దీని చోట్లో నేను కూర్చున్నాను!"

వెనక వరసలో ఎవరికో ఇదంతా నాటిక అనిపించింది కాబోలు, చప్పట్లు కొట్టారు. మిగతావాళ్ళూ అందుకున్నారు. మేడమ్ మైకులో, "ధైర్యం! ఇదే మేము మా ఉద్యోగుల్లో నింపే ధైర్యం!" అంటోంది. ఆఫీసరు ఏదీ అర్థంకాక ఆవిడ మొహంలోకి చూస్తూ, అందరూ కొడుతున్నారు కాబట్టి తనూ మెల్లగా చప్పట్లు కలిపాడు. థూ. ఆ చప్పట్లకంటే జెట్టి మొహాన ఉమ్మేసినా గౌరవంగా ఉండేది.

అప్పటికే మరదలు తలుపు దాటింది. జెట్టి ఆమె వెనకే పరుగెత్తాడు. గేటు బయట అందుకున్నాడు. అందుకోవడానికి అతనికి ఏ కష్టమూ కాలేదు, నాలుగు అంగల్లో పక్కకి వచ్చేశాడు. అంత తేలిగ్గా రాగలిగినందుకు తన కాళ్ళ మీద తనకే అసహ్యం వేసింది.

"అమ్మాయ్, ఆగు. ఒక్కమాట విను. పర్మనెంటు అన్నారు. నిన్ను తీసుకోమని అడిగాను, ఒట్టు, అడిగాను..."

ఆమె ఆగలేదు. రోడ్డు పక్కన లారీలు వరసగా నిలబడి ఉన్నాయి, ఆ నీడలో నడుస్తోంది.

"ఎవరో పాపం అనుకున్నాను బావా" అంది చివరికి. గొంతులో ఏడుపు లేదు. "వాళ్ళ గురించి ఆలోచించాను కూడా. ఆడా, మగా, పెళ్ళైందా, ఎంత దూరం నుంచి వస్తారు, మెట్లు ఎలా ఎక్కుతారు అని. అక్కతో కూడా అన్నాను, ఎప్పుడైనా ఒకసారి కలిసి మాట్లాడితే బాగుండునని."

అతను ఆమె పక్కన, ఆమెతో సమానంగా ఉండాలని నడక తగ్గించాడు. తగ్గించగానే ఎడమకాలు తనంతట తను ఈడ్చుకుంది. చెయ్యి తొడ మీదికి వెళ్ళింది. ఉలిక్కిపడి చెయ్యి లాగేసుకున్నాడు. రెండడుగులు సరిగ్గా వేశాడు. మళ్ళీ అదే. భుజం వాలింది, పాదం బయటికి తిరిగింది. ఎంత అదుపు చేసుకుందామన్నా ఆ కాలు ఆమె అడుగులో అడుగు కలుపుతూనే ఉంది.

ఆమె చూసింది. ఆగిపోయింది.

"నా పక్కన నడవకు బావా" అంది. "ముందు పో. లేకపోతే వెనక రా. నా పక్కన మాత్రం వద్దు."

జెట్టి ఉన్నచోటే నిలబడ్డాడు. లారీల పక్క నుంచి ఆమె మెల్లగా వెళ్తోంది. వెనక్కి తిరిగి చూస్తుందేమోనని చాలాసేపు చూశాడు. ఆమె చూడలేదు. ఆమె మలుపు తిరిగాక అతను కూడా ఇంటికి బయల్దేరబోయి, ఎలా నడవాలో తెలియక ఆగిపోయాడు.